నాలుగో బెడ్డు మాట ఎవరు వింటారు?

(ఆరోగ్యరంగంలో పనిచేస్తున్న స్త్రీల రెండు రోజుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం "ఆరోగ్య బృందాలలో వృత్తిపరమైన సంభాషణ, వ్యక్తి కేంద్రిత సేవ". ఈ మాటలు చూడగానే సర్క్యులరు చదువుతున్నట్టనిపించింది. సర్క్యులర్ల భాషకొక గుణం ఉంది. అందులో ఎవరూ ఎవరినీ ఏమీ చెయ్యరు, అన్నీ వాటంతటవే జరిగిపోతుంటాయి. అందుకని ఆ మాటల్ని కాస్త పక్కన పెట్టి, వాటి వెనకున్న ప్రశ్నని మన భాషలో అడుగుదాం. ఆస్పత్రిలో ఎవరు ఎవరితో మాట్లాడతారు? ఎవరి మాటకి విలువ ఉంటుంది? మంచం మీద పడుకున్న ఆడమనిషి మనిషేనా, లేక నాలుగో బెడ్డేనా?

ఏడెనిమిదేళ్ల కిందట నా పరిశోధన కోసం ఒక జిల్లా ఆస్పత్రి లేబర్ రూమ్‌లో నాలుగు నెలలు కూర్చున్నాను. ఒక మూల స్టూలు వేసుకుని, చూసింది నోటుపుస్తకంలో రాసుకోవడం నా పని. అక్కడ ఒక రాత్రి జరిగింది మీకు చెప్పాలి. మిగతా ప్రసంగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇరవై రెండేళ్ల అమ్మాయి, రెండో కాన్పు. రాత్రి పదిన్నరకి ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగుంది. మాయ పడింది. అమ్మాయిని నాలుగో బెడ్డు మీదకి మార్చారు. ఆ గదిలో ఆ సమయానికి నొప్పులతో ఉన్నవాళ్లు, కాన్పయినవాళ్లు కలిసి ఏడుగురు. ఒక స్టాఫ్ నర్సు, ఇద్దరు ఆయాలు. డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్ పైఅంతస్తులో థియేటర్లో ఉంది.

ఇరవై నిమిషాలయ్యాక ఆ అమ్మాయి పక్కనే పోతున్న ఆయాని పిలిచి, "అమ్మా, నెత్తురు బాగా పోతున్నట్టుంది" అంది. ఆయా బట్ట తీసి చూసింది. కొత్త బట్ట పెట్టి, నేరుగా నర్సు దగ్గరికి పోయి, "సిస్టరమ్మా, నాలుగో బెడ్డు పిల్లకు పెట్టిన బట్ట అప్పుడే నిండిపోయింది" అంది. నర్సు వచ్చింది. పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచిని రుద్దింది, ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టింది, పైకి ఫోన్ చేసింది. పైనుంచి వచ్చిన జవాబు: "ఇందాకే చూశాను కదా, కాన్పయ్యాక ఆ మాత్రం ఉంటుంది. అబ్జర్వ్ చెయ్యి."

పదకొండూ ఇరవైకి ఆయా రెండోసారి చెప్పింది. ఈసారి బట్ట చేత్తో పట్టుకొచ్చి చూపించింది. నర్సు బీపీ చూసింది, పడిపోతోంది. ఫోన్ దగ్గరికి వెళ్లింది. అక్కడ నిలబడింది. మళ్లీ వెనక్కొచ్చి బీపీ చూసింది. మళ్లీ ఫోన్ దాకా వెళ్లింది. ఫోన్ చేసేసరికి పావుతక్కువ పన్నెండు.

ఆ తర్వాత ఎవరూ ఏ లోపమూ చెయ్యలేదు. డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు, పెద్ద డాక్టరుని ఇంటినుంచి పిలిపించారు, రక్తం తెప్పించారు. మందులకి నెత్తురు ఆగకపోయేసరికి థియేటర్‌కి తీసుకెళ్లి గర్భసంచి తీసేశారు. తెల్లవారేసరికి అమ్మాయి బతికింది. ఆ రాత్రి వాళ్లు పడ్డ కష్టం నేను కళ్లారా చూశాను, అది తక్కువ చేసి చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ పీజీ అప్పటికి ముప్ఫై గంటలుగా నిద్రపోలేదు.

మరుసటి వారం నర్సుని అడిగాను. ఆ ఇరవై అయిదు నిమిషాలు ఫోన్ దగ్గర ఎందుకు తచ్చాడారని. ముందు రోజు రాత్రి కూడా ఆమె ఇలాగే ఇంకో పేషెంటు కోసం పిలిచిందట. ఏమీ లేదని తేలింది. ఆయాల ముందు, పేషెంట్ల ముందు, "బ్లీడింగ్ అంటే ఏంటో నర్సింగ్‌లో చెప్పలేదా?" అన్నారట. "పద్దెనిమిదేళ్ల సర్వీసు మేడం నాది. మళ్లీ ఆ మాట పడాలా అని కాళ్లు ఆడలేదు" అంది.

ఇదీ మనం మాట్లాడుకోవలసిన సంభాషణ. చిరునవ్వు గురించీ, "దయచేసి" అనడం గురించీ కాదు. నెత్తురు పోతోందన్న మాట మంచం మీద పుట్టి, ఆయా దాకా, నర్సు దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయింది. కాన్పులో నెత్తురుపోటు మన దేశంలో తల్లుల మరణాలకి మొదటి కారణం. అక్కడ ఇరవై అయిదు నిమిషాలంటే ఎంతో మీలో ఏఎన్ఎంలకి నేను చెప్పక్కర్లేదు.

మనం మామూలుగా ఆస్పత్రి గురించి రెండు వేరువేరు ఫిర్యాదులు చేస్తుంటాం. ఒకటి, పేషెంట్లతో మర్యాదగా మాట్లాడరు అని. రెండోది, నర్సులకి, ఆయాలకి గౌరవం లేదు అని. మొదటిది పేషెంటు హక్కుల సంఘాలది, రెండోది యూనియన్లది. నా ఉద్దేశంలో ఇవి రెండూ ఒకటే ఫిర్యాదు. పై మెట్టు మీదివాళ్లు కింది మెట్టు మాట వినని చోట, అన్నిటికన్నా కింద ఉన్న పేషెంటు మాట ఎవరు వింటారు?

ఈ మెట్లు ఎలా కట్టారో కూడా చూడాలి. లేబర్ రూమ్‌లో నెత్తురు, ఉమ్మనీరు, మలం అన్నీ ఉంటాయి. వాటిని ముట్టుకునేదెవరు? ఆయా. ఎక్కువమంది దళిత స్త్రీలు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద కాంట్రాక్టు మీద చేసేవాళ్లు, జీతం ఎన్నో నెలకి వస్తుందో తెలియనివాళ్లు. పూర్వం ఊళ్లో మంత్రసాని ఎవరో గుర్తు చేసుకోండి. "మంత్రసాని పనికి ఒప్పుకున్నాక" అని మొదలయ్యే సామెత మనందరికీ తెలుసు, మిగతా సగం సభలో అనం. మైల ముట్టేవాళ్లది తక్కువ పని, తక్కువ పని చేసేవాళ్లది తక్కువ మాట. ఆస్పత్రి టైల్స్ వేసుకుంది, మిషన్లు తెచ్చుకుంది, ఈ లెక్క మాత్రం అలాగే ఉంచుకుంది. దీని ఫలితమేమిటో చూడండి. ఏ మనిషి కన్ను అన్నిటికన్నా ముందు నెత్తురుని చూస్తుందో, ఆ మనిషి మాటకే అన్నిటికన్నా తక్కువ విలువ. ఆ రాత్రి బట్ట నిండిందని ఆయా గమనించింది. కేస్ షీటులో రాసే హక్కు ఆమెకి లేదు.

నర్సుల సంగతి ఇంకో రకం. 1967లో లియొనార్డ్ స్టైన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు "డాక్టర్-నర్సు ఆట" అని ఒక వ్యాసం రాశాడు. నర్సుకి ఏం చెయ్యాలో తెలుసు, కానీ తెలిసినట్టు కనిపించకూడదు. సలహా ఇవ్వాలి, ఇచ్చినట్టుండకూడదు. డాక్టరే అనుకున్నట్టు ఉండాలి. మన ఆస్పత్రుల్లో ఈ ఆటని ఎంత నేర్పుగా ఆడతారో నేను నాలుగు నెలలు చూశాను. "మేడం, ఈ పేషెంటుకి ఇది అవసరం" అని ఏ నర్సూ అనదు. "మేడం, ఒక్కసారి చూసి పోతారా, పేషెంటు వాళ్లు గొడవ చేస్తున్నారు" అంటుంది. తన చదువు, తన అనుభవం మాటగా చెల్లవు కాబట్టి బయట బంధువుల అరుపుని అడ్డం పెట్టుకుంటుంది. మనం "పేషెంటు వాళ్లు గోల చేస్తే తప్ప పట్టించుకోరు" అంటాం కదా, అందులో ఎంత నిజముందో అప్పుడర్థమైంది. మరి గోల చెయ్యడానికి ఎవరూ వెంట రాని ఆడదాని గతి?

ఇది మన పేదరికం వల్ల, మన వెనుకబాటు వల్ల అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. 2005 మార్చిలో ఇంగ్లండులో ఎలేన్ బ్రామిలీ అనే ముప్ఫై ఏడేళ్ల స్త్రీ సైనస్ ఆపరేషన్‌కి వెళ్లింది. చిన్న ఆపరేషన్. మత్తు ఇచ్చాక గొంతులోకి గొట్టం వెయ్యలేకపోయారు, ఊపిరి అందలేదు. అనుభవం ఉన్న ముగ్గురు పెద్ద డాక్టర్లు మళ్లీ మళ్లీ అదే గొట్టం ప్రయత్నించారు. ఒక నర్సు గొంతు దగ్గర కోసి గాలి ఇచ్చే సామాన్లు తెచ్చి, సిద్ధంగా ఉన్నాయని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో నర్సు ఐసీయూలో బెడ్డు మాట్లాడి, డాక్టర్ల చూపులు చూసి, తనదే అతి అనుకుని వద్దని చెప్పేసింది. ఎలేన్ రెండు వారాలు తిరక్కుండానే చనిపోయింది. డాక్టర్లు మగవాళ్లు, నర్సులు ఆడవాళ్లు అని విడిగా చెప్పనక్కర్లేదనుకుంటాను. ఆమె భర్త మార్టిన్ విమాన పైలట్. పగ తీర్చుకోవాలనుకోలేదు. మా వృత్తిలో ఇలాంటిది జరిగితే ఏం చేస్తామో మీరూ అదే చెయ్యండన్నాడు. 1977లో టెనెరిఫే విమానాశ్రయంలో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయాక, కాక్‌పిట్‌లో చిన్నవాళ్లు పెద్దవాళ్లకి అడ్డం చెప్పడం, పెద్దవాళ్లు దాన్ని వినడం అనేవి శిక్షణలో భాగమయ్యాయి. వినడం కూడా నేర్పాల్సిన పనే అని వాళ్లు ఒప్పుకున్నారు.

ఇప్పుడు పేషెంటుని తిట్టే సంగతికి వస్తాను. లేబర్ రూమ్‌లో ఏం మాటలంటారో మీకు తెలుసు. "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు" దగ్గర మొదలై, చేత్తో కొట్టడం దాకా పోతుంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు సమయంలో స్త్రీలని అవమానించడం, హింసించడం ఆరోగ్య హక్కుల ఉల్లంఘన అని ప్రకటన ఇచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో 'లక్ష్య' పథకం కింద లేబర్ రూమ్‌లు బాగుచేసే పని మొదలుపెట్టింది. అంతకుముందే, 2016లో, కాన్పప్పుడు ఒక తోడు మనిషి ఉండొచ్చని మార్గదర్శకాలిచ్చింది. ఆర్డరు సరే. ఎన్ని ఆస్పత్రుల్లో తల్లినో, అత్తనో, అక్కనో లోపలికి రానిస్తున్నారో మీరే చెప్పండి. "చోటు లేదు" అంటారు. పక్క పేషెంటుకి అడ్డంగా ఒక కర్టెన్ కడితే చోటు దొరుకుతుంది. తోడు మనిషి అంటే సాక్షి. కర్టెన్ ఖరీదు కన్నా సాక్షి ఉండటమే ఇబ్బంది అని నా అనుమానం.

తిట్టే నర్సుని నేను సమర్థించడం లేదు. ఆ మాట పడ్డ ఆడవాళ్లు పదేళ్ల తర్వాత కూడా అదే మాట అక్షరం పొల్లుపోకుండా చెబుతారు. పిల్ల బరువు మర్చిపోతారు గానీ ఆ మాట మర్చిపోరు. కానీ ఏడుగురికి ఒక్కతే నర్సు ఉన్న గదిలో, ఆమెకి ఒకరోజు శిక్షణ ఇచ్చి, "వ్యక్తి కేంద్రిత సేవ" అని గోడ మీద రాసి, రేపట్నుంచి ప్రేమగా మాట్లాడమంటే ఏమవుతుంది? ఓపిక అనేది కూడా ఆడవాళ్ల మీద వేసే ఇంకో బరువవుతుంది. ఇంట్లో ఓర్పు, ఆస్పత్రిలో ఓర్పు. ఇలాంటి శిక్షణలకి పెద్ద డాక్టర్లు సాధారణంగా రారు, గమనించారా? నర్సుల్ని, ఆశాల్ని పంపిస్తారు. మర్యాద నేర్చుకోవలసింది కింది మెట్టు వాళ్లేనన్నమాట!

మరి ఏం చెయ్యొచ్చు? నేను చూసిన వాటిలో, చదివిన వాటిలో పనికొచ్చిన వాటికి ఒక లక్షణం ఉంది. అవి మనిషి మంచితనాన్ని నమ్ముకోవు. మాట పైకి పోవడానికి ఒక దారి కడతాయి.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్లకి 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆస్పత్రుల్లో ప్రయత్నిస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. అందులో ఒక అంశం, కోత పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తన పేరు, తన పని పైకి చెప్పడం. వినడానికి బడిపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఒకసారి తన పేరు పైకి చెప్పిన మనిషికి రెండోసారి నోరు తెరవడం తేలిక. మన థియేటర్లలో చాలాచోట్ల ఆ కాగితం మీద ఆపరేషన్ అయ్యాక టిక్కులు పెడతారు, అది వేరే సంగతి. ఇంగ్లండులోనే కేట్ గ్రాంజర్ అనే డాక్టరు క్యాన్సరుతో పేషెంటుగా పడుకున్నప్పుడు, తన దగ్గరికొచ్చే ఎవరూ తమ పేరు చెప్పకపోవడం గమనించి, 2013లో "హలో, నా పేరు ఫలానా" అని చెప్పండి చాలు అంటూ ఒక ప్రచారం మొదలుపెట్టింది. 2016లో చనిపోయింది. డాక్టరుకే అలా ఉంటే అనుకున్నాను. మా జిల్లా ఆస్పత్రిలో నాలుగు నెలల్లో పేషెంటుకి తన పేరు చెప్పిన డాక్టరు నాకు ఒక్కరే కనిపించారు.

ఫోన్లో ఎలా చెప్పాలన్నదానికీ ఒక పద్ధతి ఉంది. ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆస్పత్రులకొచ్చింది. నాలుగు ముక్కలు: ఇప్పుడేం జరుగుతోంది, ఇంతకుముందేం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి. మొదటి రెండూ మన నర్సులు చెబుతారు. మూడోది, నాలుగోది గొంతులోనే ఉండిపోతాయి. "ఇది నెత్తురుపోటు అనిపిస్తోంది. మీరిప్పుడే కిందికి రావాలి." ఈ రెండు వాక్యాలు అనగలగడానికి ఆ రాత్రి పద్దెనిమిదేళ్ల సర్వీసు చాలలేదు.

నాకు బాగా నచ్చినది మాత్రం ఒక ప్లాస్టిక్ సంచి. 2023లో ఒక పెద్ద పరిశోధన ఫలితాలొచ్చాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలో 80 ఆస్పత్రులు, రెండు లక్షలకి పైగా కాన్పులు. కాన్పవగానే ఆమె నడుం కింద గీతలు గీసిన ప్లాస్టిక్ సంచిలాంటి పరుపు వేస్తారు. పోయిన నెత్తురు అందులోకి చేరుతుంది. 500 మిల్లీలీటర్ల గీత దాటిందంటే ఇక చర్చ లేదు. గర్భసంచి రుద్దడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, ఎక్కడ చిరిగిందో చూడటం, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి చేస్తారు, సాయానికి పిలుస్తారు. మామూలు పద్ధతి నడిచిన ఆస్పత్రుల్లో నెత్తురుపోటుని నూటికి 51 కేసుల్లో గుర్తిస్తే, ఈ పద్ధతిలో 93 గుర్తించారు. తీవ్రమైన నెత్తురుపోటు, దానికోసం పొట్ట కొయ్యాల్సి రావడం, మరణం, ఇవన్నీ కలిపి 4.3 శాతం నుంచి 1.6కి తగ్గాయి. డాక్టర్లు దీన్ని మందుల విజయంగా చూస్తారు. చూడనివ్వండి. నేను సోషియాలజీ చదివినదాన్ని కాబట్టి నాకు ఇంకొకటి కనిపిస్తుంది. ఆ సంచి మీద గీత ఆయాకి కూడా కనబడుతుంది. "నాకు ఎక్కువనిపిస్తోంది" అని ఆయా అంటే అది ఆయా అభిప్రాయం. "గీత దాటింది" అంటే అది ఎవరు చెప్పినా ఒకటే. నాలుగో బెడ్డు కింద ఆ సంచి ఉండుంటే నర్సు ఫోన్ దగ్గర తచ్చాడేది కాదని నాకు గట్టి నమ్మకం.

తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో నర్సులకి ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది, 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. కాన్పు చేయించే నర్సుకి తన నిర్ణయం తను తీసుకునే అధికారం ఇవ్వడం ఇందులో అసలు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లే, ప్రైవేటులో 81.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4. ఇలాంటి చోట నొప్పులు పడుతున్న ఆడదాని పక్కన కూర్చుని, ఓపిగ్గా కనిపెట్టుకునుండే మనిషికి అధికారం ఇవ్వడమంటే చిన్న విషయం కాదు. అధికారం లేకుండా బాధ్యత మాత్రం అప్పగిస్తే అది ఇంకో ఆశా పథకమవుతుంది.

ఇక సంతకం సంగతి. ఇక్కడ నా కథ మిగతా సగం చెప్పాలి.

ఆ రాత్రి థియేటర్ బయట ఇంగ్లీషు ఫారం మీద భర్త చేత సంతకం పెట్టించారు. "అర్జెంటు, పెట్టు" అన్నారు, పెట్టాడు. అమ్మాయికి తెలివొచ్చాక "ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది" అని చెప్పారు. ఏ ఆపరేషనో చెప్పలేదు. భర్తకి తెలిసినా చెప్పలేదు, ఆడపిల్లలిద్దరు, ఇంట్లో ఏమంటారోనని. రెండున్నరేళ్ల తర్వాత మన సంఘం వాళ్లు పెట్టిన ఆరోగ్య శిబిరంలో ఆమె మళ్లీ కనిపించింది. మూడో కాన్పు నిలవడం లేదని, మగపిల్లాడు కావాలని అత్త తిప్పని చోటు లేదు. ముట్టు రాకపోతే పాలివ్వడం వల్ల అన్నారట మొదట, తర్వాత నీరసం అన్నారట. ఇంజెక్షన్లు, పసర్లు, మొక్కులు. చివరికి ఒక స్కానింగ్ సెంటర్లో బొమ్మ చూస్తున్నాయన "నీకు గర్భసంచే లేదు కదమ్మా, తెలియదా?" అన్నాడట.

ప్రాణం పోతున్నప్పుడు ఎవరి అనుమతీ లేకుండా ఆపరేషన్ చెయ్యొచ్చు, చెయ్యాలి. చట్టం కూడా అదే అంటుంది. ఆ రాత్రి గర్భసంచి తీసెయ్యడం తప్పని నేననడం లేదు. తప్పు తర్వాత జరిగింది. ఆమె శరీరంలోంచి ఏం తీశారో ఆమెకి తప్ప అందరికీ తెలుసు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఇచ్చిన సమీరా కోహ్లీ తీర్పు మీలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల పెళ్లికాని స్త్రీ నెత్తురు ఎక్కువగా పోతోందని డాక్టరు దగ్గరికెళ్లింది. లోపల ఏముందో చూడటానికని మత్తిచ్చారు. మత్తులో ఉండగా బయట కూర్చున్న ముసలితల్లి చేత సంతకం పెట్టించి, గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేశారు. కోర్టు ఏమంది? చూడటానికిచ్చిన అనుమతి తియ్యడానికి అనుమతి కాదు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమెకి తెలివొచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి. పెద్దదైన, తెలివైన ఆడమనిషి ఉండగా తల్లి సంతకం చెల్లదు. డాక్టరుకి ఫీజు రాదు, పైగా 25 వేల రూపాయలు పరిహారం కట్టమంది. గర్భసంచికి, అండాశయాలకి, పన్నెండేళ్ల కోర్టు తిరుగుళ్లకి 25 వేలు. అయినా సరే, సూత్రం మనకి దక్కింది. తల్లి సంతకం చెల్లకపోతే భర్త సంతకం ఎలా చెల్లుతుంది? 1971 గర్భస్రావ చట్టంలోనే పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన అనుమతి ఒక్కటే చాలని ఉంది. ఈ రోజుకీ "మీ ఆయన్ని తీసుకురా" అనే ఆస్పత్రులెన్నో.

పోనీ ప్రాణాపాయం లేనప్పుడైనా అడిగి చేస్తున్నారా? అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. వాళ్లని అడగండి, మీకు ఏం చెప్పి తీశారని. "సంచి చెడిపోయింది", "పుండు పడింది", "ఉంచితే క్యాన్సరవుతుంది". మూడు వాక్యాలు. అనవసరంగా గర్భసంచి తియ్యకుండా చూసే మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చెయ్యమని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది. పిటిషన్ వేసింది 2013లో, పదేళ్లు పట్టింది. ఆమె "తెల్లబట్ట అవుతోంది, నడుం పడిపోతోంది" అని వస్తుంది. ఆ తెల్లబట్ట వెనక తిండి, పొలంపని, భర్త తెచ్చిన జబ్బు, నిద్రలేని రాత్రులు ఉంటాయి. వినడానికి పది నిమిషాలు పడుతుంది. తియ్యడానికి గంట పడుతుంది గానీ దానికి డబ్బులొస్తాయి.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల సంగతి కూడా ఇంతే. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ శిబిరంలో ఒక్క డాక్టరు కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకి ఆపరేషన్ చేశాడు, 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లలో ఈ శిబిరాలు ఎత్తెయ్యమంది. ఆపరేషన్ గురించి ఆమెకి అర్థమయ్యే భాషలో చెప్పాలని, చెప్పాక ఆలోచించుకోవడానికి ఒక గంటైనా వ్యవధి ఇవ్వాలని కూడా అంది. 2022 ఆగస్టు 25న మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేశారు. తర్వాతి రోజుల్లో నలుగురు చనిపోయారు. ముప్ఫై నలుగురిలో ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడటానికి ఆ రోజు ఎవరికి సమయం ఉండుంటుంది? మాట్లాడే సమయం లేనిచోట కడుక్కునే సమయం కూడా ఉండదు.

ఇంతసేపూ డాక్టర్లని అన్నాను. ఇప్పుడు మన సంగతి. ఆ రాత్రి నేను స్టూలు మీద కూర్చునే ఉన్నాను. ఆయా రెండోసారి చెప్పడం విన్నాను, నర్సు తచ్చాడటం చూశాను. టైములు అంత కచ్చితంగా ఎలా చెప్పగలిగాను? నోటుపుస్తకంలో రాసుకున్నాను కాబట్టి. పదకొండూ ఇరవై అని రాసుకున్న చేత్తో ఫోనెత్తి "పైకి పిలవండి" అనలేదు. నేను పరిశోధకురాలిని, జోక్యం చేసుకోకూడదు అనుకున్నాను. మెట్లలో నా మెట్టు నేనూ ఎరుగుదును. గర్భసంచి తీసేశారని తెలిసి కూడా, ఆమెకి చెప్పే ఉంటారులే అనుకుని వచ్చేశాను. శిబిరంలో ఆమె నన్ను గుర్తుపట్టి, "మీరు ఆ రాత్రి ఉన్నరు కదా మేడం, మీకు ఎరికేనా?" అంది. ఎరికే అన్నాను. ఇంకేం మాట్లాడాలో తెలియలేదు.

పేషెంటుతో ఆస్పత్రికెళ్లే మన కార్యకర్తలు కూడా డాక్టరు ముందు ఆమె బదులు తామే మాట్లాడేస్తారు. "ఈమెకి మూడు నెలల్నుంచి నొప్పి సార్" అంటారు. మాట్లాడటం చాతనైనవాళ్లం కాబట్టి. ఆమె నోరు తెరవబోయి ఊరుకుంటుంది. ఆయాతో కూర్చుని టీ తాగని సంఘాలు ఆయా మాట వినడం లేదని డాక్టర్లని ఎలా అంటాయి?

ఆమె కేస్ షీటు కావాలంది. 2002 మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం పేషెంటు అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన 17 హక్కుల పత్రంలోనూ ఇది ఉంది. మూడేళ్లు నిండటానికి ఆర్నెల్లు మిగిలింది. దరఖాస్తు తనే రాసింది, ఏడో తరగతి చదువుకుంది. 72 గంటలు కాలేదు, పంతొమ్మిది రోజులు తిరిగింది. కాపీ చేతికొచ్చాక నన్ను తెలుగులో చదివి చెప్పమంది. ఆ రాత్రి గురించి ఉన్నది అయిదు లైన్లు. మొదటి ఫోన్ గురించి ఒక మాట ఉంది. రెండోదానికి పన్నెండు గంటలని రాసి ఉంది. ఆయా ప్రస్తావన లేదు. "పెద్దమ్మ రెండుసార్లు చెప్పింది కదా, అది రాయలేదా?" అని అడిగింది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత గ్రూపుల్లో కూర్చుంటాం. ఒక్కో గ్రూపుకి మన దగ్గరి ఆస్పత్రుల్లో వాడే అంగీకార పత్రాల కాపీలు ఇస్తున్నాను, పేర్లు కొట్టేశాను. ఏఎన్ఎంలు, ఆశాలు, ఆయాలు ఒకే గ్రూపులో కాకుండా అన్నిటిలో కలిసి కూర్చోండి, చదువు రానివాళ్లు ఒక్కరైనా ఉండాలి. ఆ పత్రాన్ని ఆమెకి అర్థమయ్యే తెలుగులో తిరిగి రాయాలి. దాదాపు ప్రతి ఫారంలోనూ "నాకు అన్ని విషయాలూ నా మాతృభాషలో వివరించబడినవి" అని అచ్చు వేసే ఉంది. అక్కణ్నుంచి మొదలుపెట్టండి.